గోడంతా ఒకే వెలుగు: ఫాల్స్ సీలింగ్ లైట్లను కొలిచి అమర్చే విధానం

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వంటి ఊళ్లలో కొత్త ఇంటి హాలు అంటే జిప్సం ఫాల్స్ సీలింగ్, అందులో గుండ్రటి ఎల్‌ఈడీ లైట్లు అన్నట్టుగా అయిపోయింది. లైట్లకు ఖర్చు పెట్టడానికి ఎవరూ వెనకాడడం లేదు. కానీ రాత్రి వాటిని వేసి గోడ వైపు చూడండి. పైన వరసగా విల్లు వంపులు, వాటి మధ్య చీకటి కోణాలు, కింద మసక. రెండు పూతల పుట్టీ, మూడు పూతల రంగు వేయించిన గోడ అట్టలు కట్టినట్టు కనిపిస్తుంది.

ఈ ఫిర్యాదుకు దుకాణంలో దొరికే సమాధానం ఒకటే: మరో రెండు లైట్లు వేయించండి. వేయిస్తే మరో రెండు వంపులు వస్తాయి, అంతకు మించి ఏమీ మారదు. గోడ సమంగా వెలగడం లైట్ల సంఖ్య మీదా వాటేజీ మీదా ఆధారపడదు. లైటు గోడకూ పక్క లైటుకూ ఎంత దూరంలో ఉంది, ఏ వైపు ఎంత కాంతిని పంపుతోంది అన్న రెండు విషయాలే దాన్ని తేలుస్తాయి. ఈ రెండింటినీ సీలింగ్ ఫ్రేము కట్టకముందే నిర్ణయించాలి. బోర్డు బిగించి రంగు వేశాక చేయగలిగింది చాలా తక్కువ.

వంపులు ఎక్కడి నుంచి వస్తాయి

మామూలు డౌన్‌లైటు కాంతిని గరాటు ఆకారంలో కిందికి వదులుతుంది. ఆ గరాటు అంచు గోడను తాకిన చోటే వంపు ఏర్పడుతుంది. ఎంత కింద తాకుతుందో కాగితం మీదే లెక్క వేయవచ్చు. డబ్బా మీద బీమ్ యాంగిల్ 36 డిగ్రీలు అని ఉంటే, నిట్టనిలువు గీతకు అటు 18, ఇటు 18 డిగ్రీలన్నమాట. ఆ లైటును గోడకు అడుగు దూరంలో పెడితే గరాటు అంచు సీలింగ్‌కు సుమారు 3 అడుగుల కింద గోడను తాకుతుంది. పైన ఉన్న ఆ 3 అడుగులూ మసకే. 60 డిగ్రీల లైటైతే అడుగు ముప్పావు కింద తాకుతుంది. అదే 36 డిగ్రీల లైటును గోడకు 3 అడుగుల దూరానికి జరిపితే అంచు 9 అడుగుల కిందికి, అంటే దాదాపు నేలకే చేరుతుంది. గోడకు దక్కేది గరాటు బయట చెదిరిన కొద్దిపాటి వెలుగే.

వెడల్పుగా వెలిగే ప్యానెల్ లైట్లతో వచ్చే ఇబ్బంది దీనికి వ్యతిరేకం. వాటితో వంపులు పెద్దగా కనిపించవు, కానీ గోడ పైభాగం మెరిసి కిందిభాగం వెలవెలబోతుంది. గోడకు 3 అడుగుల దూరంలో ఉన్న ప్యానెల్ లైటు, సీలింగ్‌కు 2 అడుగుల కింద ఇచ్చే వెలుగులో ఎనిమిదో వంతును మాత్రమే 8 అడుగుల కింద ఇస్తుంది.

కారణం ఇది. లైటు నుంచి గోడ మీది చోటుకు దూరం పెరిగితే వెలుగు తగ్గుతుంది. దానికి తోడు కాంతి గోడ మీద ఏటవాలుగా రాసుకుంటూ పడుతుంది. ఈ రెండూ కలిసేసరికి వెలుగు దూరం ఘనం లెక్కన పడిపోతుంది. గోడకు 3 అడుగుల దూరంలోని లైటు నుంచి, సీలింగ్‌కు అడుగు కింద ఉన్న చోటు 3.2 అడుగుల దూరంలో ఉంటే, 8 అడుగుల కింద ఉన్న చోటు 8.5 అడుగుల దూరంలో ఉంటుంది. వీటి ఘనాలు సుమారుగా 32, 620. అంటే రెండు చోట్లా ఒకే వెలుగు పడాలంటే ఆ లైటు గోడ పైభాగానికి పంపే కాంతి కంటే కిందిభాగానికి పంపేది దాదాపు 20 రెట్లు ఉండాలి. ఏ మామూలు డౌన్‌లైటూ ఇలా పంచి పెట్టదు. ఈ పంపకం కోసమే తయారైన లైటును వాల్ వాషర్ అంటారు. దాని లోపల ఒకవైపుకు వంగిన రిఫ్లెక్టరో, లెన్సో ఉంటుంది. బయటి నుంచి చూస్తే మామూలు లైటులాగే ఉంటుంది కాబట్టి కొనేటప్పుడు వెలిగించి, గోడ మీద చూసి తీసుకోవాలి.

ముందు గోడను ఎంచుకోండి

నాలుగు గోడలనూ ఇలా వెలిగించాలనుకోవడం డబ్బు దండగ. హాలులో ఒక గోడ చాలు. తలుపు తీయగానే ఎదురుగా కనిపించేదైతే మరీ మంచిది, గది ఉన్నదానికంటే పెద్దదిగా అనిపిస్తుంది. కిటికీలున్న గోడ వద్దు, రాత్రివేళ అద్దాలు నల్లటి గళ్లలా కనిపించి గోడను ముక్కలు చేస్తాయి. పైన సజ్జ ఉన్న గోడ అసలే వద్దు. స్ప్లిట్ ఏసీ ఉన్న గోడ కూడా అంతే: ఏసీ నీడ దాని కింద రెండు మూడు అడుగుల మేర నల్లగా దిగుతుంది. ఏసీ ఇంకా బిగించకపోతే పక్క గోడకు మార్చమని చెప్పండి. గోడ మీద నుంచి బయటికి పొడుచుకొచ్చిన బీము ఉంటే అది ఫాల్స్ సీలింగ్ పైన దాగిపోతుందో లేదో కొలిచి చూడండి.

తరువాత గోడ నునుపు. కాంతి ఎంత దగ్గర నుంచి పడితే గోడ లోపాలు అంతగా బయటపడతాయి. గోడకు 6 నుంచి 12 అంగుళాల్లో పెట్టే లైట్లు కాంతిని గోడ వెంబడి రాస్తాయి. రాతి పలకలకు, ఇటుక గోడకు, చెక్కిన ప్యానెళ్లకు అది అందం. మామూలు ప్లాస్టర్ గోడకు అలా వెలుగు వేస్తే తాపీ చేసిన ప్రతి ఎత్తుపల్లమూ లెక్కపెట్టుకోవచ్చు. రెండున్నర, మూడు అడుగుల నుంచి పడే వెలుగు ఈ లోపాలను చాలా వరకు క్షమిస్తుంది. రంగు మాత్రం మ్యాట్ ఫినిష్‌దే వేయించండి. మెరిసే రంగు వేస్తే గోడ వెలగడానికి బదులు లైట్ల ప్రతిబింబాలు కనిపిస్తాయి.

దూరం, ఎడం

గోడ ఎత్తులో మూడో వంతు దూరంలో లైట్ల వరస పెట్టాలి. లైటుకూ లైటుకూ మధ్య ఎడం కూడా అంతే ఉండాలి. మంచి వాల్ వాషర్లయితే ఎడం ఒకటిన్నర రెట్ల వరకు సాగవచ్చు, అంతకు మించితే మధ్యలో చీకటి తేలుతుంది. చివరి లైటుకూ పక్క గోడ మూలకూ మధ్య ఎడంలో సగం వదలాలి.

ఒక లెక్క చేద్దాం. ఫాల్స్ సీలింగ్ దిగాక గది ఎత్తు 9 అడుగులు, గోడ పొడవు 12 అడుగులు. లైట్ల వరస గోడకు 3 అడుగుల దూరంలో. మూల నుంచి ఒకటిన్నర అడుగు వద్ద మొదటి లైటు, తరువాత నాలుగున్నర, ఏడున్నర, పదిన్నర అడుగుల వద్ద మిగిలినవి. మొత్తం నాలుగు. దూరాన్ని లైటు మధ్య నుంచి, రంగు వేసిన గోడ వరకు కొలవాలి. ఇటుక నుంచి కొలిచి, తరువాత దాని మీద ప్లాస్టరో ప్యానెలో వస్తే లెక్క తప్పుతుంది.

ఇక ఫ్యాను. లైటింగ్ గురించి విదేశాల్లో రాసే పాఠాల్లో ఈ గొడవ కనిపించదు, మన దగ్గర మాత్రం ఫ్యాను లేని గది లేదు. గది వెడల్పు 10 అడుగులైతే మధ్యలోని ఫ్యాను గోడకు 5 అడుగుల దూరంలో ఉంటుంది. 1200 మిల్లీమీటర్ల ఫ్యాను రెక్క కొస మధ్య నుంచి 2 అడుగులు వస్తుంది. అంటే రెక్క కొస గోడకు సరిగ్గా 3 అడుగుల దూరంలో తిరుగుతుంది, మన లైటూ అక్కడే ఉంది. లైటు నుంచి వెనక్కి చెదిరిన వెలుగును రెక్కలు కోస్తూ ఉంటే నేల మీద, ఎదుటి గోడ మీద వెలుగు రెపరెపలాడుతుంది, కొందరికి తలనొప్పి తెప్పిస్తుంది. అలాంటి గదిలో లైట్ల వరసను రెండున్నర అడుగులకు జరపండి. ఎడం కూడా తగ్గుతుంది కాబట్టి 12 అడుగుల గోడకు నాలుగు కాదు, ఐదు లైట్లు కావాలి: 1.2, 3.6, 6, 8.4, 10.8 అడుగుల వద్ద. దగ్గరికి జరిపి లైట్ల సంఖ్య పెంచకపోతే మళ్లీ వంపులే.

ఎంత వెలుగు

ఇళ్లలో గోడ మీద 100 నుంచి 150 లక్స్ (చదరపు మీటరు మీద పడే ల్యూమెన్లు; ల్యూమెన్ అంటే కాంతి కొలత) ఉంటే నిండుగా కనిపిస్తుంది. 12 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తున్న గోడ వైశాల్యం సుమారు 10 చదరపు మీటర్లు. 150 లక్స్‌కు గోడ మీద 1500 ల్యూమెన్లు పడాలి. లైట్లు వదిలే కాంతిలో సగం లోపే గోడను చేరుతుందనుకుని లెక్కిస్తే మొత్తం 3200 ల్యూమెన్లు, అంటే ఒక్కోటి 800 ల్యూమెన్ల చొప్పున నాలుగు లైట్లు. ఇది 9 వాట్ల మంచి లైటు ఇవ్వగలిగిందే. రోజుకు 5 గంటలు వెలిగించినా నెలకు ఐదున్నర యూనిట్లు దాటదు. డబ్బా మీద ల్యూమెన్లు రాయకుండా వాట్లు మాత్రమే రాసిన సరుకును నేను కొనను, మీరూ కొనకండి.

పై లెక్క తెల్లటి లేదా లేత రంగు గోడకు. తెల్ల గోడ పడిన కాంతిలో 70, 80 శాతం తిప్పి పంపుతుంది. ముదురు ఎర్రమట్టి రంగు గోడ అందులో మూడో వంతు కూడా పంపదు. గుణుపురం వైపు సవర ఊళ్లలో ఎర్రమట్టి గోడ మీద తెల్లని గీతలతో వేసే ఇడితల్ చిత్రాల తరహాలో హాలులో ఒక గోడకు వేయించుకోవాలనుకుంటే ఇది గుర్తుంచుకోవాలి. లైట్లను మాత్రం రెట్టింపు చేయకండి. గోడ మొత్తం తెల్లబడితే ఆ చిత్రం అందమే పోతుంది. తెల్ల గీతలు వాటంతటవే లేచి కనిపిస్తాయి కాబట్టి ఒకటిన్నర రెట్లు పెంచి, డిమ్మర్ పెట్టుకుంటే చాలు. లైటూ, దానికి కరెంటు సర్ది ఇచ్చే పెట్టె అయిన డ్రైవరూ డిమ్మింగ్‌కు పనికొచ్చేవో కాదో ముందే అడగండి. మామూలు డ్రైవర్‌కు డిమ్మర్ తగిలిస్తే లైటు మిణుకుమిణుకుమంటుంది.

రంగు ఉష్ణోగ్రత ఇళ్లకు 3000 కెల్విన్ (పసుపు ఛాయ), దుకాణాలకు 4000 కెల్విన్ బాగుంటాయి. 6500 కెల్విన్ తెల్లదనం గోడ మీద ఆసుపత్రి వాతావరణం తెస్తుంది. పల్లె చివర, పొలాల పక్కన ఇళ్లున్నవారికి ఇంకో లాభం: పసుపు ఛాయ లైట్లకు పురుగులు తక్కువగా చేరతాయి. అయినా ముందువైపు అద్దంతో మూసి ఉన్న లైటే తీసుకోండి, వరి కోతల కాలం దాటాక లోపల చచ్చిన పురుగుల కుప్పను ఊడ్చే పని తప్పుతుంది. రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకె, సీఆర్‌ఐ, 90 పైన ఉండాలి. లైట్లన్నీ ఒకే లాటులో, ఒకటి అదనంగా కొనండి. రెండేళ్ల తరువాత అదే పేరుతో కొన్న లైటు ఛాయ తేడాగా ఉంటుంది, సమంగా వెలిగే గోడ మీద ఆ తేడా దాగదు.

వాల్ వాషర్ దొరకకపోతే

చిన్న ఊళ్లలో అసలైన వాల్ వాషర్ దొరకడం కష్టమే. బరంపురంలో పెద్ద దుకాణాలు తెప్పించి ఇస్తాయి, విశాఖపట్నం నుంచి తెచ్చుకునేవారూ ఉన్నారు. అది కుదరకపోతే తల వంగే సీఓబీ లైటుతో (చిన్న ఎల్‌ఈడీలన్నీ ఒకే బిళ్ల మీద ఉండే రకం) నెట్టుకురావచ్చు, చాలా వరకు బాగానే వస్తుంది. కిటుకంతా వంచడంలో ఉంది.

అందరూ చేసేది లైటు తలను గోడ మధ్యకు గురిపెట్టడం. పైన చెప్పిన ఘనం లెక్క గుర్తుంటే అది ఎందుకు పనికిరాదో తెలుస్తుంది. గోడ పైభాగం లైటుకు దగ్గర కాబట్టి చెదురు వెలుగుతోనే సరిపెట్టుకుంటుంది. దూరంగా ఉన్న కిందిభాగానికే అసలు కాంతి కావాలి. అందుకే 36 డిగ్రీల లైటును గోడకు 3 అడుగుల దూరంలో పెట్టి, 20 నుంచి 25 డిగ్రీలు మాత్రమే వంచాలి. అప్పుడు గురి నేలకు సుమారు ముప్పావు అడుగు నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో పడుతుంది. చూడటానికి నేలకు గురిపెట్టినట్టు ఉంటుంది కానీ గోడ మధ్యభాగం, కిందిభాగం దగ్గరదగ్గరగా వెలుగుతాయి. సీలింగ్‌ను ఆనుకున్న ఒకటిన్నర, రెండు అడుగులు కొంత మసకగా ఉంటాయి. అసలైన వాల్ వాషర్‌కూ దీనికీ తేడా అదే. 60 డిగ్రీల లైటును ఇలా వంచితే పైభాగం మెరిసిపోయి కిందికి ఏమీ మిగలదు. 24 డిగ్రీలది వంచితే గోడ మీద గుండ్రటి మచ్చలు పడతాయి.

కోసే ముందు పరీక్ష

ఇది వదిలేయకండి. రెండు లైట్లు కొని, ఒక చెక్క పట్టెకు అనుకున్న ఎడంలో బిగించి, రెండు నిచ్చెనల మీద సీలింగ్ రావలసిన ఎత్తులో పెట్టండి. తాత్కాలిక వైరుతో రాత్రి వెలిగించండి. గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పాలి. ఫోనులో ఉచితంగా దొరికే లక్స్ మీటర్ యాప్ అసలు లక్స్‌ను సరిగ్గా చెప్పకపోవచ్చు, కానీ ఒక చోటికీ ఇంకో చోటికీ నిష్పత్తి తెలుసుకోవడానికి పనికొస్తుంది. ఫోను వీపును గోడకు ఆనించి, ముందు కెమెరా వైపు గది లోపలికి తిరిగి ఉండేలా పట్టుకోండి. ఒక లైటుకు నేరుగా ఎదురుగా, మళ్లీ రెండు లైట్ల మధ్య, ఈ రెండు నిలువు గీతల్లోనూ నేల నుంచి 2, 5, 7 అడుగుల ఎత్తుల్లో అంకెలు రాసుకోండి. అన్నిటికన్నా పెద్ద అంకె అన్నిటికన్నా చిన్నదానికి మూడు రెట్లు దాటకపోతే కంటికి గోడ సమంగానే ఉంటుంది. మెల్లగా తగ్గే వెలుగును కన్ను పట్టించుకోదు, హఠాత్తుగా మారేదాన్నే పట్టుకుంటుంది. కాబట్టి ఒకే ఎత్తులో లైటు ఎదుటి అంకె, మధ్య అంకె ఎంత దగ్గరగా ఉన్నాయో ముందు చూడండి. అక్కడ తేడా ఎక్కువుంటే ఎడం తగ్గించాలి. పైకీ కిందికీ తేడా ఎక్కువుంటే గోడకు దూరమో, లైటు తల వంచిన కోణమో మార్చాలి.

ఫ్రేము కట్టేవారితో మాట్లాడవలసిన మాట

జిప్సం బోర్డు బిగించే జీఐ సెక్షన్లను (జింకు పూత ఉన్న ఇనుప పట్టీలను) సాధారణంగా 457 మిల్లీమీటర్లకు, అంటే అడుగున్నరకు ఒకటి చొప్పున కడతారు. మన లైట్లు 3 అడుగులకు ఒకటి. మొదటి లైటు మీదికి సెక్షన్ వచ్చిందంటే రెండోదాని మీదికీ మూడోదాని మీదికీ వచ్చి తీరుతుంది. అప్పుడు పనివాడు లైట్లను అర అడుగు అటో ఇటో జరపడమో, సెక్షన్‌ను కోసేయడమో చేస్తాడు. రెండూ మనకు పనికిరావు. ఫ్రేము కట్టకముందే నేల మీద సున్నపు గీతలతో లైట్ల స్థానాలు గుర్తు పెట్టి, తూకం దారం వేలాడదీసి పైకి ఎక్కించి, ప్రతి లైటూ సరిగ్గా రెండు పక్కపక్క సెక్షన్ల మధ్యకు వచ్చేలా మొదటి సెక్షన్‌ను జరపమనండి. పనివాడు ఒడియా మాట్లాడినా తెలుగు మాట్లాడినా నేల మీది గీత అందరికీ అర్థమవుతుంది.

గది మొత్తం ఫాల్స్ సీలింగ్ వేయనక్కరలేదు. వెలిగించే గోడ వెంబడి మూడున్నర, నాలుగు అడుగుల వెడల్పు పట్టీ చాలు. స్లాబుకూ బోర్డుకూ మధ్య కనీసం 6 అంగుళాలు ఉండేలా దించండి, లైటు ఎత్తు, డ్రైవర్, గాలి ఆడటానికి ఖాళీ అన్నీ అందులో పట్టాలి. పట్టీ ఫ్యాను రెక్కల పైకి వస్తే ఫ్యాను గొట్టం పొడవైనది వేయించాలి. స్లాబు ఇంకా పోయకపోతే, లైట్ల స్థానాల్లో పీవీసీ పెట్టెలు పెట్టి పోయించవచ్చు. అప్పుడు సెంటరింగ్ రోజున మీరు దగ్గర ఉండి కొలవడం తప్పదు.

ఈ లైట్లకు వేరే స్విచ్ ఇవ్వండి. డ్రైవర్ లైటు రంధ్రం గుండా బయటికి వచ్చేంత పొడవు వైరు వదలమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి, లేకపోతే చెడిపోయిన డ్రైవర్ కోసం బోర్డు కోయాలి. గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు ఉప్పుగాలి ఉన్నచోట ఇనుప క్లిప్పులున్న లైట్లు తుప్పు పట్టి జారిపోతాయి, అల్యూమినియం బాడీ, స్టెయిన్‌లెస్ స్ప్రింగులు ఉన్నవి చూసుకోండి. బోర్డు కూడా తేమను తట్టుకునే రకమే తీసుకోవాలి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ చూసిన జిల్లాలివి. తుఫాను తరువాత కరెంటు తిరిగి వచ్చే క్షణంలో వోల్టేజీ ఎగిసి డ్రైవర్లు పోతాయి. మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్, ఇంటికి సరైన ఎర్తింగ్ ఉంటే లైట్లే కాదు, టీవీ కూడా దక్కుతుంది. స్లాబు నుంచి నీరు దిగుతుంటే ముందు దాన్ని బాగుచేయించండి, ఫాల్స్ సీలింగ్ దాన్ని దాచడానికి కాదు.

ఫొటోలు, చీరల దుకాణాలు

గోడ మీద అద్దం బిగించిన ఫొటోలుంటే లైటు ప్రతిబింబం కళ్లలో పడుతుందన్న భయం ఉంటుంది. దీనికీ లెక్క ఉంది. 9 అడుగుల ఎత్తులో, గోడకు 3 అడుగుల దూరంలో లైటు ఉండి, మీరు గోడకు 6 అడుగుల దూరంలో నిలబడితే, మీ కన్ను 5 అడుగుల ఎత్తులో ఉందనుకుంటే, ప్రతిబింబం గోడ మీద 7 అడుగుల 8 అంగుళాల ఎత్తులో కనిపిస్తుంది. కూర్చుంటే ఇంకాస్త కిందికి, 7 అడుగుల 4 అంగుళాలకు దిగుతుంది. ఫొటో పై అంచు 7 అడుగుల లోపు ఉంటే చాలు, అద్దంలో లైటు కనిపించదు.

బరంపురం పట్టు చీరలు అమ్మే దుకాణాల సంగతి వేరు. అక్కడ గోడ అంటే అరలు. అడుగు లోతున్న అర కింది అరకు నీడ వేస్తుంది, లైట్లు దగ్గరగా ఉంటే ఆ నీడ మరీ ఎక్కువ. వరసను మూడో వంతు కంటే దూరంగా, ఎత్తులో సగం దాకా జరిపితే వెలుగు అరల లోపలికి దూరుతుంది. అప్పటికీ కింది అరలకు చాలకపోతే అర అంచు కింద ఎల్‌ఈడీ పట్టీ వేయడమే దారి. ఎరుపును నిజంగా చూపే లైటు కావాలంటే సీఆర్‌ఐతో పాటు ఆర్9 అంకె అడగండి, 50 పైన ఉంటే మంచిది. అది తక్కువైతే కుంకుమ రంగు చీర గోధుమ ఛాయకు తిరుగుతుంది, కుంభం (గుడి శిఖరాల ఆకారపు) అంచు దగ్గర ఎరుపు ఎక్కడ ఆగిందో తెలియదు. కొన్నవారు మర్నాడు పగటివెలుగులో చూసి, వేరే చీర ఇచ్చారని గొడవకు వస్తారు.